నాటకం కావాలంటే ఎక్కడ చేరాలి: బీటెక్‌లోనా, రాజమండ్రి డిగ్రీలోనా?

ఇంటర్ రిజల్ట్స్ వచ్చిన వారంలో నాకు ఏటా ఇలాంటి ఫోన్లు నాలుగైదు వస్తాయి. పరిషత్తుల్లో, అంటే నాటక పోటీల్లో, ఇరవై ఏళ్ళుగా వేషాలు వేస్తున్నాను కదా, పిల్లలకి దారి తెలిసి ఉంటుందని అడుగుతారు. ఈసారి ఫోను మా అక్క దగ్గర్నుంచే. మేనకోడలు నాటకాల్లోకి వెళ్తానంటోంది. బావ బీటెక్ అంటున్నాడు.

ఇంటర్ అవగానే నాటకం కోర్సే దొరకాలన్న కంగారు అక్కర్లేదు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో గానీ, విశాఖ ఆంధ్రా యూనివర్సిటీలో గానీ మనవాళ్ళు ఎక్కువగా చేరేది ఎం.పీ.ఏ. (మాస్టర్ ఆఫ్ పెర్ఫార్మింగ్ ఆర్ట్స్) లోనే. అది డిగ్రీ అయ్యాక చేసే రెండేళ్ళ చదువు. ఢిల్లీ నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాలో మూడేళ్ళ కోర్సుకీ డిగ్రీ ఉండాల్సిందే. అది బీటెకా, బీఏనా అని వాళ్ళు చూడరు. దాంతోపాటు కనీసం 6 నాటకాల్లో పని చేసి ఉండాలంటారు. మా పిల్లని నేను అడిగింది కూడా అదే: ‘ఈ మూడు నాలుగేళ్ళలో ఆ ఆరు నాటకాలు ఎక్కడ వేస్తావే?’

నా మటుకు నేను కాలేజీ ర్యాంకు కన్నా సాయంత్రాలు చూస్తాను. మన నాటక సమాజాల్లో అందరూ పగలు వేరే పనులు చేసుకునేవాళ్ళే. ఒకాయన బ్యాంకు, ఒకాయన ఎరువుల కొట్టు, నేను బడి. రిహార్సల్ ఏడింటికి మొదలైతే పది దాటుతుంది. గంట నాటికకి కూడా నెలా నెలన్నర అలా కూర్చోవాలి. బీటెక్ హాస్టళ్ళలో చాలావాటికి ఆ ఏడింటికే గేటు పడుతుంది. కాలేజీ ఫెస్టులో ఏడాదికో స్కిట్ వేస్తారు, నిజమే. స్నేహితులు ఈలలు వేస్తారు కూడా. కానీ పరిషత్తులో ముందు వరసలో చేతులు కట్టుకుని కూర్చునే పెద్దాయన, మాట తడబడితే తల పక్కకి తిప్పేస్తాడు. ఆయన ముందు నిలబడితేనే నటించడం వస్తుంది.

బీటెక్ తీసిపారేయాల్సిందేమీ కాదు. పరిషత్తుకి వెళ్తే వచ్చే ప్రదర్శన పారితోషికం వ్యానుకీ సెట్టుకీ చాలితే గొప్ప. మా మగవాళ్ళం చాలామంది చేతి డబ్బు పెట్టుకునే ఆడతాం. బావ భయం అక్కడే ఉంది, దాన్ని కాదనలేను. ఆడపిల్లల సంగతి కొంచెం వేరు. నటీమణుల కొరత వల్ల వాళ్ళకి ప్రదర్శనకింత అని ఇచ్చి పిలుస్తారు. అందులో ఓ చిక్కుంది. చేతిలో డబ్బు ఆడగానే వరసగా ఒప్పేసుకోవడం, రెండు రిహార్సల్స్‌కి వచ్చి డైలాగ్ అప్పజెప్పి వెళ్ళిపోవడం అలవాటవుతుంది. అలా ఆగిపోయిన మంచి నటీమణుల్ని చూశాను.

అందుకే నా ఓటు రాజమండ్రికి. అక్కడో మామూలు డిగ్రీ, వీలైతే తెలుగు సాహిత్యం ఉన్నది. క్లాసులయ్యాక సాయంత్రం మనది. ఆనం కళాకేంద్రంలో నాటకం పడితే చూసి నడిచి ఇంటికి రావచ్చు. కందుకూరి వీరేశలింగం 1880లో తన శిష్యులచేత ‘వ్యవహార ధర్మబోధిని’ నాటకం ఆడించింది ఈ ఊళ్ళోనే. ఒంగోలు వైపు నుంచి వచ్చిన ప్రకాశం పంతులుగారు చదువుకుంటూ వేషాలు కట్టిందీ ఇక్కడే. (ఆ మాట చెప్తే బావ కాస్త మెత్తబడ్డాడు. ‘ఆయన ప్లీడరు కూడా అయ్యాడు కదా’ అన్నాడు.)

కాకినాడ ఏమీ తక్కువ తినలేదు. ఎస్.వి. రంగారావు, అంజలీదేవి అక్కడి యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్ నాటకాల్లోంచి వెళ్ళినవాళ్ళే. అక్కడ చుట్టాలుంటే అక్కడే చేర్చండి.

హైదరాబాద్ వెళ్ళి యాక్టింగ్ కోచింగ్ అంటారా? అది సినిమా దారి. నాటకం కోసమైతే వద్దు. దూరవిద్యలో డిగ్రీ కట్టి ఏదో ఒక సమాజంలో చేరిపోవడం పని చేస్తుంది గానీ, పగలంతా ఇంట్లో కూర్చున్న పిల్లకి చుట్టాలు సంబంధాలు తెస్తారు.

డిగ్రీ తర్వాత ఢిల్లీయా, విశాఖా అన్నది ఇప్పుడే తేల్చక్కర్లేదు. ఢిల్లీ మీద మనసుంటే మాత్రం హిందీ ఈ రోజు నుంచే మొదలుపెట్టాలి. మన పిల్లల హిందీ పదో తరగతితో ఆగిపోతుంది. అక్కడ హిందీలోనే నటించాలి. విశాఖలో ఆ బెంగ లేదు.

ఇక మిగిలింది అక్క అడిగిన ప్రశ్న: రాత్రి పదిన్నరకి పిల్లని ఇంటికి ఎవరు దింపుతారు? నిజానికి అన్నిటికన్నా పెద్ద ప్రశ్న ఇదే. రాజమండ్రి దానవాయిపేటలో పెద్దమ్మ వాళ్ళింట్లో ఉండేటట్టు మాట్లాడాం. పెద్దమ్మ కొడుకు స్కూటీ మీద తీసుకొస్తాడు. వాడికి నాటకాలంటే విసుగు, కాబట్టి బయటే కూర్చుని ఫోన్ చూసుకుంటాడు.

పిల్ల అప్పుడే ఓ సమాజంలో చేరింది. వేషం ఇవ్వలేదు, తెర పక్కన నిలబడి నటులకి డైలాగులు అందించే ప్రాంప్టింగ్ చెయ్యమన్నారట. ‘ఇదేంటి మావయ్యా’ అని ఫోన్ చేసి ఏడ్చింది. నాటకం మొత్తం నోటికొచ్చాక మళ్ళీ ఫోన్ చెయ్యమన్నాను.