జాగ్రత్త: క్లియరెన్స్‌లో అమ్మే బీరు మాల్ట్‌తో పురుగులు కూడా ఇంటికొస్తున్నాయి

డాలస్ చుట్టుపక్కల ఇంట్లో బీరు చేసుకునే మనవాళ్ళు క్లియరెన్స్‌లో చవగ్గా దొరికే బార్లీ మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ గింజలు) కొనేముందు దయచేసి ఇది చదవండి.

ఈమధ్య ఒక షాపులో సగం ధరకి పేల్ మాల్ట్ (లేత రంగు మాల్ట్) తీసుకున్నాను. మామూలుగా ఇది కంపెనీ కుట్టి పంపిన 55 పౌండ్ల బస్తాలో, లాట్ నంబరుతో వస్తుంది. వీళ్ళు ఆ బస్తాలు విప్పి, పల్చటి ప్లాస్టిక్ కవర్లలో పోసి అమ్ముతున్నారు. తేదీ లేదు, లాట్ నంబరు లేదు. ఇంటికి తెచ్చి చూస్తే కవరు అడుగున పిండి, గింజలకి గుండ్రటి చిల్లులు, వాటి మధ్య పాకుతున్న ముక్కు పురుగులు. వెనక్కి తీసుకోమని అడిగితే, "కవరు విప్పేశారుగా, ఎలాగూ గంటసేపు మరిగిస్తారు, ఏం కాదు" అన్నారు.

మరిగిస్తే పురుగు చస్తుంది, నిజమే. కానీ కాచే రోజు వచ్చేదాకా ఆ కవరు ఉండేది ఎక్కడ? మన సోనా మసూరి బస్తా పక్కనే కదా! ఇది బియ్యాన్ని పట్టే పురుగే. ఆడపురుగు గింజకి చిన్న రంధ్రం చేసి, లోపల గుడ్డు పెట్టి, పైన మూసేస్తుంది. పిల్ల లోపలే గింజని తింటూ పెరిగి, పెద్దయ్యాక చిల్లు చేసుకుని బయటికొస్తుంది. టెక్సస్ ఎండాకాలంలో ఇదంతా సుమారు నెల రోజుల పని. అందుకే ఇవాళ శుభ్రంగా కనిపించే మాల్ట్‌లో వచ్చే నెల పురుగులు తిరుగుతాయి. జల్లెడ పట్టినా లోపలున్నవి పోవు. పిల్లలు తినే అన్నం దాకా వచ్చే విషయాన్ని "ఏం కాదు" అని కొట్టిపారేయడం నాకు చాలా బాధ కలిగించింది.

కొనేటప్పుడు కవరు మూలల్లో పిండి, బూజులాంటి గూళ్ళు ఉన్నాయేమో వెలుతురులో చూడండి. గూళ్ళుంటే రెక్కల పురుగు కూడా పట్టినట్టే. ఒక గింజ కొరికితే కరకరలాడాలి. మెత్తగా సాగితే తేమ పట్టిన సరుకు. పప్పులకి చేసినట్టు నీళ్ళలో వేసి తేలినవి పుచ్చువని తీసేయకండి, మంచి మాల్ట్ కూడా తేలుతుంది. మర పట్టించిన మాల్ట్ అయితే ఇంకా త్వరగా తేమ పీలుస్తుంది, కాబట్టి కాచే ముందు మాత్రమే మర పట్టించండి.

నమ్మకమైన చోట కొన్నా సరే, తెచ్చిన వెంటనే గాలి చొరని సంచిలో పెట్టి, 0 డిగ్రీల ఫారన్‌హీట్ ఫ్రీజర్లో వారం ఉంచండి. బయటికి తీశాక పూర్తిగా గది వేడికి వచ్చేదాకా సంచి విప్పొద్దు, లేకపోతే గింజకి చెమ్మ పడుతుంది. తర్వాత రబ్బరు రింగున్న తిప్పుడు మూత బకెట్లో పోయండి. 5 గ్యాలన్ల బకెట్లో దాదాపు 25 పౌండ్లు పడతాయి. గ్యారేజీలో మాత్రం వద్దు, ఆ వేడి పురుగుకి అనుకూలం. పురుగులు జిప్ కవర్లని కొరికి బయటికి రాగలవు. వేపాకు, బిర్యానీ ఆకు వేస్తే గింజ లోపలున్న పురుగు చావదు. ఆడ రెక్కల పురుగు వాసన పట్టించిన జిగురు ట్రాపులకి పడేవి మగ రెక్కల పురుగులే, ముక్కు పురుగులు కాదు.

ఇప్పటికే ఆ కవర్లు తెచ్చుకున్నవాళ్ళు వాటిని గట్టిగా కట్టి ఈరోజే బయటి చెత్తడబ్బాలో పడేయండి, అరల మూలలు వాక్యూమ్ చేయండి, పక్కనున్న బియ్యం కూడా చూసుకోండి. పడేసే ముందు ఫోటోలు తీసి, రసీదు దాచండి. నేను కార్డు కంపెనీకి డిస్ప్యూట్ పెట్టాను, ఇంకా తేలలేదు.