చిన్న చీరల దుకాణానికి వాట్సాప్ బిజినెస్: ఎక్కడ ఆదుకుంటుంది, ఎక్కడ చేతులెత్తేస్తుంది

సోషల్ మీడియాలోకి దిగాలనుకున్న దుకాణదారు సాధారణంగా ముందు ఇన్‌స్టాగ్రామ్ పేజీ తెరుస్తాడు, రీల్స్ తీయడానికి ఒక కుర్రాణ్ణి పెట్టుకుంటాడు, వాట్సాప్ సంగతి ఆ తర్వాత ఎప్పుడో చూస్తాడు. మన ఊళ్లలో ఈ వరస తిరగెయ్యాలి. రీల్ చూసి ముచ్చటపడిన ఆవిడ చివరికి అడిగేది ‘వాట్సాప్‌లో ఫొటోలు పెడతారా’ అనే. అక్కడ వెంటనే జవాబు చెప్పే ఏర్పాటు లేకపోతే లక్ష వ్యూస్ వచ్చినా గల్లాపెట్టెలో రూపాయి పడదు. అందుకే ముందుగా చూడాల్సింది 2018లో వచ్చిన వాట్సాప్ బిజినెస్ యాప్‌ని. ఈ యాప్ ఉచితం. మంగళగిరి, గద్వాల, పోచంపల్లి చీరలు అమ్ముతూ ఇద్దరు ముగ్గురు మనుషులతో నడిచే దుకాణానికి అది ఎంతవరకు పనికొస్తుందో ఇక్కడ చూద్దాం.

అన్నిటికంటే ముందు నంబర్. సిమ్ యజమాని పేరు మీదే ఉండాలి. పనిచేసే అబ్బాయి సిమ్ మీద అకౌంట్ తెరిస్తే, అతను మానేసిన రోజున కస్టమర్లు కూడా అతనితోనే వెళ్లిపోతారు. ఇంటి వాట్సాప్ వేరు, షాపు వాట్సాప్ వేరు పెట్టుకోండి. రెండు యాప్‌లు ఒకే ఫోన్‌లో రెండు నంబర్లతో నడుస్తాయి. షాపులో ల్యాండ్‌లైన్ ఉంటే దానితోనూ తెరవొచ్చు, కోడ్ ఎస్సెమ్మెస్‌కు బదులు కాల్‌లో వస్తుంది. తెరిచిన పది నిమిషాల్లోనే టూ స్టెప్ వెరిఫికేషన్‌లో ఆరంకెల పిన్ పెట్టేయండి. ఓటీపీ అడిగి అకౌంట్ లాగేసుకునే మోసగాళ్లకు ఆ పిన్ అడ్డుగోడ. వాట్సాప్ కోసమే తీసుకున్న సిమ్‌కు రీఛార్జ్ మానేస్తే నంబర్ రద్దయి ఇంకొకరికి వెళ్లిపోగలదు, ఆ విషయం మరిచిపోవద్దు.

ప్రొఫైల్ మీద ఎక్కువసేపు కూర్చోనక్కర్లేదు. లోగో గుండ్రంగా కత్తిరింపుకు గురవుతుంది కాబట్టి అక్షరాలు మధ్యలోకి రావాలి. అడ్రస్‌లో పక్కనున్న గుడో బస్టాండో రాయండి. ఆదివారం తీస్తారో లేదో వేళల్లో పెట్టండి.

ఈ యాప్‌కు ప్రాణం కేటలాగ్, అంటే చీరల ఫొటోలు, ధరలు, వివరాలు యాప్‌లోనే చూపించే జాబితా. 500 వస్తువుల దాకా పడుతుంది, ఒక్కోదానికి పది ఫొటోలు. చీరకు నాలుగు ఫొటోలు తప్పనిసరి: మొత్తం చీర, అంచు దగ్గరగా, పల్లూ, బ్లౌజ్ ముక్క. వీటికి తోడు నేత తెలిసేలా వెనకవైపు ఒకటి ఉంటే తెలిసినవాళ్లు వెంటనే నమ్ముతారు. షాపులోని ట్యూబ్‌లైట్ కింద తీస్తే ఆకుపచ్చ నీలంగా, మెరూన్ ఎరుపుగా పడిపోతాయి. తిరిగొచ్చే చీరల్లో చాలావాటి మీద వినిపించే మాట ‘ఫొటోలో రంగు వేరుగా ఉంది’ అనే. పొద్దున పది లోపు, ఎండ నేరుగా పడని గుమ్మం దగ్గర, తెల్లటి పంచె మీద పరిచి తీయండి. బ్యూటీ ఫిల్టర్, ఆటో ఎన్‌హాన్స్ రెండూ ఆపేయండి. చాట్‌లో విడిగా పంపేటప్పుడు పైన కనిపించే హెచ్‌డీ గుర్తు నొక్కకపోతే జరీ పని మసకబారిపోతుంది.

వివరణలో ‘గద్వాల చీర’ అని రాసి వదిలేస్తే చాలదు. బాడీ నూలా పట్టా, అంచు పట్టా, జరీ ఏ రకం, మగ్గం నేతా పవర్‌లూమా, పొడవెంత, బ్లౌజ్ కలిసి ఉందా లేదా, అన్నీ రాయాలి. పవర్‌లూమ్ చీరను చేనేత అని రాసే దుకాణం నేతగాడి కడుపు కొడుతోంది, తన పేరునూ పోగొట్టుకుంటోంది. ఇంకో మాట: ధర దాచిపెట్టి ‘ప్రైస్ కోసం ఇన్‌బాక్స్’ అనే అలవాటు మానేయండి. ధర కనబడక సగం మంది అడగకుండానే వెళ్లిపోతారు, మిగతా సగానికి రోజంతా అదే జవాబు టైప్ చేస్తూ కూర్చోవాలి. ప్రతి చీరకూ ఐటెమ్ కోడ్ ఇచ్చి, అదే కోడ్ చీర ట్యాగ్ మీద పెన్నుతో రాయండి. చేనేతలో ఒక్కో చీర ఒక్క పీసే ఉంటుంది కాబట్టి, అమ్ముడైన మరుక్షణం కేటలాగ్‌లో దాన్ని ‘హైడ్’ చేయాలి, అంటే కనబడకుండా పెట్టాలి. ఈ ఒక్క పని సాగక చాలా కేటలాగ్‌లు నెలకే పాడుబడిపోతున్నాయి. అమ్మడానికీ హైడ్ చేయడానికీ ఒకే మనిషిని బాధ్యుణ్ణి చేస్తే సాగుతుంది.

గ్రీటింగ్ మెసేజ్ మొదటిసారి రాసినవాళ్లకూ, 14 రోజులు మాట్లాడకుండా ఉండి మళ్లీ వచ్చినవాళ్లకూ దానంతటదే వెళ్తుంది. దాన్ని స్వాగత వచనాలతో నింపొద్దు. ‘నమస్కారమండీ. ఏ చీర కావాలి, ఎంత ధరలో చూస్తున్నారు, ఎప్పటికి కావాలి? కేటలాగ్ పైన షాపు గుర్తులో ఉంది’ అంటే పని నడుస్తుంది. దుకాణం మూశాక దానంతటదే వెళ్లే ‘అవే’ (Away) మెసేజ్‌కు ఫోన్‌లో ఇంటర్నెట్ ఉండాలి. రాత్రి డేటా ఆపేసి పడుకుంటే అది వెళ్లదు. కొరియర్ ఛార్జీ, రిటర్న్ షరతు, అడ్రస్ లాంటి రోజూ చెప్పే మాటలను క్విక్ రిప్లైలుగా దాచుకుంటే స్లాష్ కొట్టి చిన్న మాటతో పంపేయొచ్చు. చాట్‌లకు తగిలించే గుర్తులైన లేబుళ్లలో పేమెంట్ రావాల్సినవి, పార్సిల్ పంపాల్సినవి విడదీసి రోజూ సాయంత్రం ఒకసారి చూడండి.

డబ్బు దగ్గర మాత్రం యాప్ మీద భారం వేయొద్దు. కస్టమర్ కేటలాగ్‌లో ఎంచుకున్న చీరలు వేసుకునే కార్ట్ ద్వారా వచ్చేది ఆర్డర్ మెసేజ్ మాత్రమే, డబ్బు కాదు. యూపీఐ చెల్లించినట్టు పంపే స్క్రీన్‌షాట్ చూసి పార్సిల్ కట్టొద్దు, అవి నకిలీవి తయారవుతున్నాయి. మీ బ్యాంకు ఖాతాలో జమ కనబడాలి, అప్పుడే పంపాలి.

ఇక చేతులెత్తేసే చోట్లు. ఒకే మెసేజ్‌ను చాలామందికి విడివిడిగా పంపే బ్రాడ్‌కాస్ట్ లిస్ట్‌లో 256 మందిని పెట్టొచ్చు, కానీ మీ నంబర్ తమ ఫోన్‌లో సేవ్ చేసుకున్నవాళ్లకే అది చేరుతుంది. శ్రావణమాసం కొత్త స్టాక్ అందరికీ పంపామనుకుంటారు, చేరేది కొందరికే. పార్సిల్‌లో పెట్టే కార్డు మీద నంబర్ సేవ్ చేసుకోమని తెలుగులో అడగండి, క్యూఆర్ అచ్చువేయండి. అది కుదరక వేలమందికి ఒకేసారి పంపే బయటి సాఫ్ట్‌వేర్ కొంటే నంబర్ బ్యాన్ కావచ్చు, అప్పుడు చాట్‌లన్నీ చిక్కుకుపోతాయి. ఇలాంటివి అమ్ముకునేవాళ్లను దగ్గరికి రానివ్వొద్దు.

మెయిన్ ఫోన్ కాక నాలుగు పరికరాల్లో ఇదే అకౌంట్ తెరవొచ్చు. బిల్లింగ్ కంప్యూటర్, ఇద్దరు సేల్స్ మనుషులకు సరిపోతుంది. ఎవరైనా మానేస్తే ఆ రోజే లింక్‌డ్ డివైసెస్‌లో వాళ్ల ఫోన్‌ను లాగౌట్ చేయండి. మెయిన్ ఫోన్ 14 రోజులకు మించి వాడకుండా మూలపడేస్తే మిగతావన్నీ తెగిపోతాయి. ఆండ్రాయిడ్‌లో బ్యాకప్ గూగుల్ ఖాతాలోని 15 జీబీ ఉచిత స్థలంలోకే వెళ్తుంది. చీరల ఫొటోలు, వీడియోలతో అది త్వరగా నిండిపోయి బ్యాకప్ చప్పుడు లేకుండా ఆగిపోతుంది. వీడియోలను బ్యాకప్ నుంచి తప్పించండి.

అన్నిటికంటే పెద్ద లోటు, ఇది కొత్తవాళ్లను తీసుకురాదు. తెలిసి వచ్చినవాళ్లకు కౌంటర్ మాత్రమే, బోర్డు వేరే కావాలి. ఆ బోర్డు గూగుల్ బిజినెస్ ప్రొఫైల్, అంటే గూగుల్ సెర్చ్‌లో, మ్యాప్స్‌లో మీ షాపు వివరాలు చూపించే పేజీ, అదీ ఉచితమే. ధృవీకరణకు షాపు బయట బోర్డు, వీధి, లోపలి సరుకు, తాళం తీసి లోపలికి వెళ్లడం వరకు ఆగకుండా ఒకే వీడియో తీయమని అడగొచ్చు. బోర్డు మీది పేరూ ప్రొఫైల్ పేరూ ఒకటే ఉండకపోతే తిరస్కరణకు అవకాశం ఎక్కువ. ఇన్‌స్టాగ్రామ్ బయోలో, గూగుల్ ప్రొఫైల్‌లో వాట్సాప్ లింక్ పెట్టేటప్పుడు నంబర్ ముందు 91 చేర్చండి, ప్లస్ గుర్తు, సున్నా, ఖాళీలు ఉండకూడదు. ఆ లింక్‌ను మీ ఫోన్‌లో కాకుండా, మీ నంబర్ సేవ్ చేసుకోని ఇంకొకరి ఫోన్‌లో ఒకసారి నొక్కి చూడండి.