బ్లాక్ రీడా, మారినప్పుడే పంపడమా: డ్రైవర్ ట్రాఫిక్ తగ్గించడానికి ఏది మేలు?

ఒకే ఆర్‌ఎస్-485 లైను (పరికరాలన్నీ పంచుకునే సీరియల్ తీగ) మీద కరెంటు మీటర్ల లాంటి పరికరాలు పదిపదిహేను ఉండి, స్కాడా (ప్లాంటును కంప్యూటర్ నుంచి గమనించి నడిపే సాఫ్ట్‌వేర్) తెర మీద విలువలు నత్తనడక నడుస్తుంటే అందరి చేయీ ముందు బాడ్ రేటు (లైను వేగం, సెకనుకు ఎన్ని బిట్లు) మీదికే పోతుంది. నేనైతే డ్రైవర్ (పరికరాలను అడిగి విలువలను స్కాడాకు అందించే ప్రోగ్రాం) ఏమేం అడుగుతోందో ముందు చూడమంటాను.

మోడ్‌బస్ ఆర్‌టీయూ (లైను మీద డ్రైవర్, పరికరం మాట్లాడుకునే ఒక ప్రోటోకాల్) లెక్కే చూడండి. 9600 బాడ్ దగ్గర ఒక్కో బైటుకు 11 బిట్లు, అంటే దాదాపు 1.15 మిల్లీసెకన్లు. ఒక రిజిస్టర్ (పరికరంలో విలువ ఉండే రెండు బైట్ల గడి) చదవాలంటే రిక్వెస్టుకు 8 బైట్లు, జవాబుకు 7. ఫ్రేముల (సందేశాల) మధ్య మూడున్నర బైట్ల విరామం రెండుసార్లు. మొత్తం 25 మిల్లీసెకన్లు. పరికరం జవాబు తయారు చేసుకునే సమయం దీనికి అదనం. అటూఇటూ తిరిగిన ఆ 15 బైట్లలో మనక్కావలసిన విలువ ఉన్నది రెండింటిలోనే! వరసగా ఉన్న 40 రిజిస్టర్లను విడివిడిగా అడిగితే ఒక సెకను గడిచిపోతుంది. ఒకే బ్లాకుగా అడిగితే 115 మిల్లీసెకన్లు చాలు.

మధ్యలో అక్కర్లేని రిజిస్టర్లుంటే? ఒక్కోదానికి అయ్యేది 2.3 మిల్లీసెకన్లు, కొత్త రిక్వెస్టు పెడితే అదనంగా పడేది దాదాపు 23. కాబట్టి ఖాళీ పది లోపుంటే కలిపి చదవడమే లాభం. పరికరం నిదానంగా జవాబిచ్చేదైతే ఇంకా పెద్ద ఖాళీ అయినా ఫర్వాలేదు. ఒక రిక్వెస్టుకు పరిమితి 125 రిజిస్టర్లు. ఒక చిక్కు మాత్రం ఉంది: కొన్ని పరికరాలు తమ దగ్గర లేని అడ్రసు ఒక్కటి తగిలినా 02 ఎర్రర్ ఇచ్చి బ్లాకు మొత్తాన్నీ తిప్పికొడతాయి. అక్కడ బ్లాకును విడగొట్టే వీలు డ్రైవర్‌లో ఉండాలి.

ఇక డెడ్‌బ్యాండ్. విలువ ఇంత మేర మారితేనే పైకి పంపు అని డ్రైవర్‌లో పెట్టుకుంటాం. చాలామంది పొరబడేది ఇక్కడే. దానివల్ల తగ్గేది డ్రైవర్ నుంచి స్కాడాకు వెళ్లే ట్రాఫిక్. లైను మీద ఒక్క బైటు కూడా తగ్గదు, ఎందుకంటే మార్పు తెలియాలంటే డ్రైవర్ చదవక తప్పదు. మోడ్‌బస్ స్లేవ్ (జవాబిచ్చే పరికరం) అడగందే చెప్పదు. డీఎన్‌పీ3 అనే మరో ప్రోటోకాల్ సంగతి వేరు. అందులో పరికరమే మార్పులను ఈవెంట్లుగా దాచి ఉంచుతుంది, సెట్ చేస్తే అడగకుండానే పంపుతుంది కూడా. అలాంటి పరికరం చేతిలో ఉంటే నా ఓటు దానికే. అయినా అప్పుడప్పుడూ అన్ని విలువలనూ ఒకసారి చదివి సరిచూసుకోవాలి.

మోడ్‌బస్ లైనుకైతే ముందు బ్లాకులు, తర్వాత స్కాన్ రేట్లు (ఒక్కో విలువను ఎంత తరచుగా అడగాలి అన్నది). ట్యాంకు ఉష్ణోగ్రతను సెకనుకు రెండుసార్లు అడిగే పనే లేదు.

మారని విలువను పరికరంలోకి మళ్లీ రాయకుండా ఆపడం మూడో దారి. దీని దగ్గర నాకు భయం. కరెంటు పోయి వచ్చాక పరికరం సెట్‌పాయింట్‌ను (మనం నిలపమని రాసిన విలువను) పాత డిఫాల్టుకు మార్చేసుకోవచ్చు. డ్రైవర్ మాత్రం తన కాపీ చూసుకుని ‘ఇదే విలువ ముందే రాశాను’ అని రైటును ఆపేస్తుంది. ఈ ఆప్షన్ వాడితే కనెక్షన్ తెగి కలిసిన ప్రతిసారీ ఆ కాపీని చెరిపేయాలి, పోల్చేటప్పుడు పరికరం నుంచి చదివిన విలువతోనే పోల్చాలి.