మోకాళ్ళ నొప్పుల "నల్లేరు చూర్ణం" డబ్బా కొనేవాళ్ళు ముందు ఇది చదవండి

అది అమ్మే ఆయన పేరు రాయక్కర్లేదు. మెళ్ళో రుద్రాక్షలు, వెనకాల అడవి, ముందు కల్వం, రోజూ రీల్స్‌లో కనపడే ఆయనే. కోనసీమలో సగం మంది పెద్దోళ్ళ ఫోన్లలో ఉన్నాడు.

మా అమ్మకి మోకాళ్ళ అరుగుదల. 1,800 పెట్టి డబ్బా తెప్పించాను. నల్లేరు, శొంఠి, గుగ్గులు, వావిలాకు, అన్నీ మూలికలేనంట. దొడ్లో కంచె నిండా నల్లేరు పాకుతుంటే కొరియర్లో నల్లేరు తెప్పించుకున్న ఘనుణ్ణి, ఇక మీరే అనుకోండి.

వాడిన నాలుగు రోజులకే నొప్పి మాయం. మెట్లు ఎక్కలేని మనిషి డాబా మీద వడియాలు పెట్టేసింది, ఇంక నల్లేరు మీద బండి నడకే. నల్లేరు పచ్చడి మనకేం కొత్త కాదు కదా, మా నాయనమ్మ వావిలాకు మరిగించిన నీళ్ళు పోసేది, జిల్లేడాకుకి ఆముదం రాసి వెచ్చజేసి కట్టేది, దాంతో కాస్త సుఖంగా ఉండేది అంతే, ఇలా రాత్రికి రాత్రి మోకాలు కొత్తదైపోవడం ఎప్పుడూ చూళ్ళేదు.

తర్వాత ఆకలి పెరిగింది, మొహం గుండ్రంగా అయింది, వీధిలో అందరూ "పిన్నిగారికి కళొచ్చింది" అంటే మురిసిపోయాం. కళ కాదండీ, వాపు! ఒళ్ళు తూలుతోందంటే అమలాపురం తీసుకెళ్తే షుగర్ 300 దాటి ఉంది, ముందు ఆవిడకి షుగరే లేదు. డాక్టరు గారు మొహం చూడగానే "పొడులేమైనా వాడుతున్నారా" అన్నారు. పొద్దున్నే రక్తం తీసి కార్టిసాల్ (మన ఒళ్ళే తయారుచేసుకునే స్టెరాయిడ్) చూస్తే బాగా తక్కువొచ్చింది. బయట్నుంచి స్టెరాయిడ్ పడుతుంటే ఒంట్లో సొంతంగా తయారవడం తగ్గిపోద్దంట, ఈ లక్షణాలన్నీ దానివేలా ఉన్నాయన్నారు.

ఇదంతా ఒకెత్తు. ఆ రీల్స్ ఆయనకి ఫోన్ చేసి, ఏం కలిపారండీ అని మర్యాదగానే అడిగాను. "మావి స్వచ్ఛమైన మూలికలు బాబూ" అన్నాడు. రిపోర్టు సంగతి ఎత్తగానే గొంతు మారిపోయింది. పథ్యం చేశారా? చేశాం. చేప తిన్నారా? లేదండీ. "గోదారి జిల్లాలో ఉండి పులస సీజన్లో చేప ముట్టలేదంటే నన్ను నమ్మమంటావా" అని నవ్వాడు. నవ్వాడండీ! పక్కనెవరో కూడా నవ్వారు, నాకు వినిపించింది. ఇంట్లో మేమంతా పులస పులుసు తింటుంటే ఆవిడ ఆ డబ్బా మీద భక్తితో చారన్నం తిని లేచింది, ఆ మనిషిని పట్టుకుని అబద్ధాలకోరంటాడా. "కేసు పెట్టుకో పో" అని కట్ చేసి బ్లాక్ చేశాడు.

డబ్బా తిప్పి చూస్తే లైసెన్సు నంబరు లేదు, బ్యాచ్ నంబరు లేదు, తయారైన తేదీ లేదు, దేవుడి బొమ్మ మాత్రం ఉంది. ఆయుర్వేద మందైతే అవి లేబుల్ మీద ఉండి తీరాలి, చూసి కొనండి. అన్నట్టు షుగర్ నయం చేస్తాం అని ప్రకటన ఇవ్వడమే మందుల ప్రకటనల మీదున్న 1954 చట్టం ప్రకారం నేరం, ఆయన రీల్స్‌లో అదీ ఉంది.

ఇప్పటికే వాడుతున్నవాళ్ళు మాత్రం కోపంలో ఒక్కసారిగా ఆపేయకండి, స్టెరాయిడ్ అయితే అలా ఆపితే ప్రాణం మీదకొస్తుంది, డబ్బా పట్టుకుని డాక్టరు దగ్గరకెళ్ళండి. అమ్మకి కూడా బిళ్ళలిచ్చి మెల్లగా తగ్గించుకుంటూ వస్తున్నారు. మా దగ్గర సగం డబ్బా మిగిలింది, డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కి ఇద్దామని దాచాను, మీ దగ్గరున్నా పారేయకండి.