ఆపిల్ టీవీ, ఫైర్ టీవీ, గూగుల్ టీవీ: పేరు చూసి కొంటే ఏది మేలు?

"అన్నా, ఇది తగిలిస్తే కేబుల్ తీసేసుకోవచ్చునా?" తిరుపతిలో తిలక్ రోడ్డు, ప్రకాశం రోడ్డు వైపు ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో స్ట్రీమింగ్ పరికరం కోసం వచ్చినవారు తరచుగా అడిగే ప్రశ్న ఇది. అడిగేవారిని తప్పుపట్టడానికి లేదు. అట్టపెట్టె మీద ఆపిల్ టీవీ అనో, ఫైర్ టీవీ అనో, గూగుల్ టీవీ అనో పెద్ద అక్షరాలతో ఉంటుంది. టీవీ అన్నాక ఛానళ్లు రావాలి కదా అనుకుంటారు. కానీ ఈ పేర్లతో వచ్చే స్టిక్‌లలోనూ చిన్న పెట్టెలలోనూ కేబుల్ తీగ గుచ్చడానికి గానీ, డిష్ తీగ బిగించడానికి గానీ చోటుండదు. ఇంటర్నెట్ ద్వారా యాప్‌లలోని బొమ్మను మన తెర మీదికి తేవడమే వాటి పని. పేరుకూ పనికీ మధ్య ఇంత ఎడం ఎలా ఏర్పడిందో, ఆ పేర్ల మీద ఎవరెవరు కోర్టుకెక్కారో ముందు చూస్తే, మన ఇంటికి ఏది మేలో తేల్చుకోవడం సులువవుతుంది.

2006 సెప్టెంబరు 12న శాన్‌ఫ్రాన్సిస్కోలో స్టీవ్ జాబ్స్ ఇంకా అమ్మకానికి రాని ఒక పెట్టెను చూపించి, దానికి ప్రస్తుతానికి 'ఐటీవీ' అని పేరు పెట్టుకున్నామని, ధర 299 డాలర్లు ఉంటుందని చెప్పారు. వస్తువు చేతికి రాకముందే దాన్ని చూపించడం ఆపిల్‌కు అలవాటు లేని పని కావడంతో, మధ్యలో దొరికిన నెలల్లో జనం ఎవరికి తోచిన పెట్టెను వారు ఊహించుకున్నారు. ఆ పేరుతో బ్రిటన్‌లో అసలుకే చిక్కు ఉంది, ఎందుకంటే అక్కడ ఐటీవీ అనేది 1955 నుంచి నడుస్తున్న ప్రసార వ్యవస్థ. 2007 జనవరి 9న ఆ పెట్టె ఆపిల్ టీవీగా పేరు మార్చుకొని వచ్చింది. అదే రోజు అదే వేదిక మీద ప్రకటించిన ఐఫోన్ విషయంలో మాత్రం తగాదా తప్పలేదు. ఆ పేరు మీద హక్కు 2000లో ఇన్ఫోగేర్ సంస్థను కొన్నప్పుడే నెట్‌వర్క్ పరికరాల సంస్థ సిస్కో చేతికి వచ్చి ఉండటంతో, మరునాడే సిస్కో దావా వేసింది. ఫిబ్రవరిలో ఇద్దరూ ఆ పేరును వాడుకునేట్లు రాజీ కుదిరింది.

మార్చిలో ఆపిల్ టీవీ ఇళ్లకు చేరాక, ఊహించుకున్నదానికీ వచ్చినదానికీ తేడా బయటపడింది. 40 జీబీ డిస్కు ఉన్నా అందులో ప్రసారాలు రికార్డు కావు. ఛానళ్లను పట్టే ట్యూనర్ లేదు. పాత టీవీలకు వాడే పసుపు పిన్ను తీగకు చోటు లేకపోవడంతో, తెర కొత్తది కాకపోతే పెట్టె పక్కన పెట్టవలసిందే. సినిమా కావాలంటే ముందు కంప్యూటర్‌లో కొని అక్కడి నుంచి పంపుకోవాలి. యూట్యూబ్ ఆ ఏడాది జూన్‌లో గానీ రాలేదు. 2008లో కంప్యూటర్ అవసరం తీసేసి ధరను 229 డాలర్లకు దించారు. 2010లో డిస్కు కూడా తీసేసి 99 డాలర్లకు అమ్మారు. ఈ మార్పులన్నీ చూస్తే, పరికరం చెడ్డదని కాదు, దాని పేరు అది చేయని పనిని వాగ్దానం చేసిందని నాకనిపిస్తుంది.

గూగుల్‌కు ఎదురైన అనుభవం ఇంకా ఘాటైనది. 2010లో సోనీ, లాజిటెక్ సంస్థలతో కలిసి గూగుల్ టీవీ తెచ్చినప్పుడు అమెరికాలోని పెద్ద ప్రసార సంస్థలు తమ వెబ్‌సైట్లలోని వీడియోలు అందులో ఆడకుండా అడ్డుకున్నాయి. 299 డాలర్లకు వచ్చిన లాజిటెక్ వారి 'రెవ్యూ' అనే పెట్టె ఏడాది తిరక్కుండానే 99కి దిగింది. 2014లో గూగుల్ ఆండ్రాయిడ్ టీవీ అనే కొత్త పేరుతో మళ్లీ మొదలుపెట్టి, 2020లో పాత పేరునే తిరిగి తెచ్చింది. కాబట్టి ఈనాటి గూగుల్ టీవీకీ ఆనాటి గూగుల్ టీవీకీ పేరు తప్ప పొత్తు లేదు.

ఇప్పటి గందరగోళం మరో రకమైనది. ఆపిల్ టీవీ అంటే ఒకటి పెట్టె, రెండోది యాప్, మూడోది చందా సేవ. 2019లో ఆ సేవను ప్రారంభించినప్పుడు పేరు చివర కనీసం ఒక ప్లస్ గుర్తుండేది. 2025 అక్టోబరులో దాన్నీ తీసేశారు. మన దేశంలో ఆ సేవ నెలకు 99 రూపాయల చందాతో మొదలైంది. 2022లో వచ్చిన పెట్టె ధర 14,900 రూపాయలతో మొదలైంది. "మా ఇంట్లో ఆపిల్ టీవీ ఉంది" అని ఎవరైనా అంటే వారి దగ్గర ఈ మూడింటిలో ఏది ఉన్నట్టు? ఆ చందా కార్యక్రమాల కోసం పెట్టె కొనవలసిన పనే లేదు, ఆ యాప్ ఫైర్ టీవీలోనూ గూగుల్ టీవీలోనూ కూడా దొరుకుతుంది. ఈ ఒక్క సంగతి తెలియక పదిహేను వేలు పెట్టేవారుంటే ఆ తప్పు కొనేవారిది కాదని నా అభిప్రాయం.

ఇక పేర్లు పెట్టే పద్ధతులను పోల్చి చూద్దాం. ఒకటి, ఆపిల్, ఫైర్, గూగుల్ లాగా తెలిసిన మాటకు టీవీ చేర్చడం. రెండోది, క్రోమ్‌కాస్ట్ లాగా కొత్త మాట కల్పించడం. మొదటి పద్ధతిలో కొనేవారికి అది టీవీకి తగిలించే వస్తువని వెంటనే తెలుస్తుంది, కానీ కోర్టులో ఆ పేరుకు బలం తక్కువ. బ్రిటన్‌లో స్కై సంస్థ 2012లో నౌ టీవీ ప్రకటించగానే, హాంకాంగ్‌లో అదే పేరుతో సేవ నడుపుతున్న సంస్థ దావా వేసింది. 'నౌ' అనే మాట సేవ లక్షణాన్ని చెప్పేదే గనుక దాన్ని ఒకరి సొంత గుర్తుగా నమోదు చేయడం చెల్లదని బ్రిటన్ కోర్టు తేల్చింది. 2015లో బ్రిటన్ సుప్రీంకోర్టు మరో మెట్టు ఎక్కి, హాంకాంగ్ సేవను బ్రిటన్‌లో కొందరు యూట్యూబ్‌లో చూసి ఉన్నా, అక్కడ దానికి ఖాతాదారులు లేనందున హక్కు లేదని చెప్పింది. అమెజాన్ 2014లో ఫైర్ టీవీ తెచ్చినప్పుడు కూడా ఇలాంటిదే జరిగింది. అంతకు ముందు నుంచే ఫైర్‌టీవీ అని పలికే పేరుతో, ఆంగ్లంలో ఒక అక్షరం తేడాతో, పెద్దలకు మాత్రమే ఉద్దేశించిన వీడియోలు అమ్ముతున్న ఫ్లోరిడా సంస్థ ఒకటి కోర్టుకు వెళ్లింది. కింది కోర్టు అమెజాన్ వైపు మొగ్గింది. 2022లో పై కోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. పెద్ద సంస్థ చేసే ప్రచారపు హోరులో చిన్న సంస్థ పేరు మునిగిపోవడం కూడా హానేనన్నది ఆ వాదన సారం. ఆ చిన్న సంస్థ అమ్మే సరుకు మనకు నచ్చినా నచ్చకపోయినా ఆ వాదనలో న్యాయం ఉంది.

మన దేశంలో 1999 నాటి ట్రేడ్‌మార్క్‌ల చట్టం వస్తువు రకాన్ని మాత్రమే చెప్పే మాటలను నమోదు చేయడానికి ఒప్పుకోదు. పేరును ముందుగా వాడుకలోకి తెచ్చినవారికి రక్షణ కూడా ఇస్తుంది. విదేశంలో ఎంత పేరున్నా ఇక్కడి కొనుగోలుదారులలో ఆ పేరుకు అప్పటికే గుర్తింపు ఉందని రుజువు చేయాలని 2017లో ప్రియస్ కారు పేరు వివాదంలో సుప్రీంకోర్టు టొయోటాకు చెప్పింది. అందువల్ల సంస్థల కోణంలో కల్పించిన పేరే మేలు. కొనేవారి కోణంలోనూ నేను దానికే ఓటేస్తాను, ఎందుకంటే క్రోమ్‌కాస్ట్ అనే మాట ఛానళ్లు వస్తాయని ఎవరికీ ఆశ పెట్టలేదు. ఫోన్‌లోని బొమ్మను తెర మీదికి పంపుతుందని చెప్పింది, 2014 డిసెంబరులో మన దేశంలో 2,999 రూపాయలకు వచ్చి ఆ పనే చేసింది. 2024లో గూగుల్ ఆ పేరును వదిలేసి గూగుల్ టీవీ స్ట్రీమర్ అనడం నాకు వెనకడుగుగానే కనిపిస్తుంది.

పేర్లను పక్కన పెట్టి తిరుపతి, చిత్తూరు ఇళ్ల అవసరాలతో తూచితే లెక్క మారుతుంది. ఇంట్లో పెద్దవారు ఉండి, వారికి కావలసింది ఎస్వీబీసీ, తెలుగు వార్తలు, సాయంత్రం సీరియళ్లు అయితే, పై మూడింటిలో ఏదీ ముందు వరుసలో నిలబడదు. ఎస్వీబీసీ ప్రసారం యూట్యూబ్‌లో వస్తుంది నిజమే; కానీ యాప్ తెరిచి, వెతికి, ప్రత్యక్ష ప్రసారాన్ని ఎంచుకోవడం డెబ్భై ఏళ్ల అవ్వకు ఛానల్ నంబరు నొక్కినంత తేలిక కాదు. పైగా ఇంటర్నెట్ ప్రసారం కొన్ని సెకన్లు వెనకబడి వస్తుంది గనుక, గరుడ సేవ రోజున పక్కింటి టీవీలో వాహనం ముందే కదిలిపోతుంది. అలాంటి ఇంటికి కేబుల్‌ను ఉంచుకోవడమో, డిష్ తీగ కూడా తగిలించుకోగల ఎయిర్‌టెల్ ఎక్స్‌ట్రీమ్ తరహా పెట్టెనో, ఛానళ్లూ ఇంటర్నెట్టూ ఒకే తీగలో ఇచ్చే ఏపీ ఫైబర్‌నెట్ తరహా కనెక్షనో తీసుకోవడమో మేలు. కేబుల్ తీసేయవచ్చునా అన్న ప్రశ్నకు ఇటువంటి ఇళ్లలో నిజాయితీ గల జవాబు, వద్దు అనేదే.

యువకులు ఎక్కువగా ఉండి ఓటీటీ సినిమాలు, క్రికెట్, యూట్యూబ్ చాలనుకునే ఇంటికి ఫైర్ టీవీ స్టిక్ గానీ, పేరున్న సంస్థ చేసిన గూగుల్ టీవీ పెట్టె గానీ సరిపోతుంది. రెండింటిలో నేను గూగుల్ టీవీ వైపే మొగ్గుతాను. ఫైర్ టీవీ హోమ్ తెర మీద అమెజాన్ సొంత సరుకు ఎక్కువగా ముందుకొస్తుంది, అంతకన్నా ముఖ్యంగా ఆ ఒక్క పేరు కింద ఇప్పుడు రెండు వేర్వేరు వ్యవస్థలు నడుస్తున్నాయి. 2025లో వచ్చిన ఫైర్ టీవీ స్టిక్ 4కే సెలెక్ట్‌లో వేగా అనే సొంత వ్యవస్థ పెట్టారు. అమెజాన్ స్టోర్‌లో లేని యాప్‌ను బయటి నుంచి ఎక్కించుకోవడం అందులో కుదరదు, పాతవాటిలో కుదిరేది. ఆపిల్ పెట్టె పనితనంలో అన్నిటికన్నా నిలకడైనది, ప్రకటనల బెడద కూడా తక్కువ. అయినా ఇంట్లో ఐఫోన్లు లేనివారికి ఆ ధరను సమర్థించడం కష్టం. పలమనేరు, పుంగనూరు వైపు పల్లెల్లో ఫోన్ హాట్‌స్పాట్ మీద ఆధారపడేవారు మాత్రం ఏది కొన్నా ముందు డేటా లెక్క చూసుకోవాలి. నెట్‌ఫ్లిక్స్ చెప్పే లెక్క ప్రకారం హెచ్‌డీలో గంటకు 3 జీబీ దాకా, 4కేలో 7 జీబీ దాకా ఖర్చవుతుంది. రోజుకు రెండు జీబీల ప్యాక్ ఒక సినిమాకే చాలదు.

అసలు ప్రమాదం ఈ పెద్ద పేర్లలో లేదు, వాటి నీడలో అమ్ముడయ్యే 'ఆండ్రాయిడ్ బాక్స్' అనే మాటలో ఉంది. ఆండ్రాయిడ్ టీవీ అనేది గూగుల్ ధ్రువీకరించిన వ్యవస్థ. ఆండ్రాయిడ్ బాక్స్ అనేది ఎవరైనా ఉచితంగా తీసుకోగల ఆండ్రాయిడ్ కోడ్‌ను చౌక పెట్టెలో పోసి అమ్మేది. వినడానికి రెండూ ఒకేలా ఉంటాయి. ఇటువంటి పెట్టెలకు, వీడియోలు దొంగ కాపీ కాకుండా చూసే వైడ్‌వైన్ ఎల్1 అనే రక్షణ స్థాయి చాలావరకు ఉండదు. అది లేకపోతే డబ్బు కట్టి తీసుకున్న ఓటీటీ చందాలోని సినిమా కూడా మసక నాణ్యతలోనే ఆడుతుంది, అట్ట మీద మాత్రం 4కే అని ఉంటుంది. అంతకు మించిన కీడు ఇంకొకటి. ఊరూపేరూ లేని పెట్టెలలో కొన్ని హానికర ప్రోగ్రామ్‌తోనే ఫ్యాక్టరీ నుంచి వస్తున్నాయని, ఇంటి ఇంటర్నెట్‌ను నేరగాళ్లకు దారిగా మారుస్తున్నాయని అమెరికా ఎఫ్‌బీఐ 2025 జూన్‌లో హెచ్చరించింది. బ్యాడ్‌బాక్స్ 2.0 అని పిలిచే ఆ నేరగాళ్ల వలలో కోటికి పైగా పరికరాలు చిక్కాయని చెబుతూ మరుసటి నెలలో గూగుల్ దావా వేసింది. "ఛానళ్లన్నీ ఫ్రీ, రీఛార్జ్ అక్కర్లేదు" అంటూ అమ్మే పెట్టెను ఏ ధరకూ కొనవద్దని నేను చెప్పేది ఇందుకే.

పేరున్నది కొన్నా జీవితకాలపు హామీ ఏమీ లేదు. గూగుల్, అమెజాన్‌ల పంతంలో 2018 మొదట్లో ఫైర్ టీవీ నుంచి యూట్యూబ్ యాప్ మాయమై, 2019 జూలైలో గానీ తిరిగి రాలేదు. ఎస్వీబీసీని యూట్యూబ్‌లో చూసే ఇంటికి అది చిన్న లోటు కాదు. 2025 మార్చిలో ఒక భద్రతా పత్రం గడువు తీరిపోవడంతో రెండో తరం క్రోమ్‌కాస్ట్‌లు లోకమంతటా ఒక్కసారిగా పనిచేయడం మానేసి, గూగుల్ సరిదిద్దేదాకా అలాగే ఉండిపోయాయి. అందువల్ల ఎక్కువ ధర పెట్టడం కన్నా, అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తామని సంస్థ రాతపూర్వకంగా చెబుతోందో చూడటం మేలు.

బిల్లు తీసుకునేటప్పుడు దాని మీద 'ఆండ్రాయిడ్ బాక్స్ ఒకటి' అని కాకుండా తయారీ సంస్థ పేరు, మోడల్ నంబరు రాయించుకోవాలి. అడాప్టర్ మీద బీఐఎస్ రిజిస్ట్రేషన్ గుర్తు ఉందో లేదో అక్కడే చూసుకోవాలి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం తప్పుదోవ పట్టించే ప్రకటనలకు తొలిసారి పది లక్షల రూపాయల దాకా జరిమానా విధించే వీలు కల్పించింది. ఫలానా ఛానళ్లు వస్తాయని దుకాణదారు నోటితో చెప్పి అమ్మితే, ఆ మాటను బిల్లు వెనకైనా రాసి సంతకం పెట్టమనండి. రాయడానికి వెనకాడితే మరో దుకాణం చూసుకోవచ్చు. రాసి ఇచ్చాక రాకపోతే జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫోన్ చేయవచ్చు, ఐదు లక్షల లోపు విలువకు రుసుము లేకుండానే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయవచ్చు.