2006 సిల్వరాడో 2500 హెచ్‌డీ డీజిల్: ఎక్కడం సరే, దిగడం చూసి కొనండి

ట్రైలర్ లాగడానికి సెకండ్‌హ్యాండ్ డీజిల్ పికప్ వెతుకుతున్నవాళ్ళు ఎవరైనా మొదట అడిగేది టార్క్, అంటే ఇంజన్ తిప్పే బలం, ఎంత అని. ముందు అదే చెప్పేస్తాను. నా దగ్గరున్నది 2006 షెవర్లే సిల్వరాడో 2500 హెచ్‌డీ, నాలుగు తలుపులది, ఫోర్ వీల్ డ్రైవ్. ఇంజన్ 6.6 లీటర్ల డ్యూరామాక్స్, అందరూ ఎల్‌బీజెడ్ అనే రకం. 360 హార్స్‌పవర్, 650 పౌండ్-ఫీట్ టార్క్, దానికి 6 గేర్ల అలిసన్ ఆటోమేటిక్. చాలా ఏళ్ళుగా దీనితో ముప్ఫై అడుగుల ట్రావెల్ ట్రైలర్ లాగుతున్నాను. ఇంతకాలం నడిపాక నాకు అర్థమైంది ఏమిటంటే, ఆ టార్క్ అంకె బండిని ఎంచుకోవడానికి పెద్దగా పనికిరాదు. ఈ తరగతి డీజిల్ ఏది కొన్నా లాగుతుంది. లాగిన బరువుని క్షేమంగా కిందికి దింపుతుందా, ఆ బరువుని తన వీపు మీద ఎంత మోయగలదు, ఇవి అడగాలి. వీటి గురించి అమ్మేవాడు తనంతట తాను నోరెత్తడు.

మోయడం సంగతి ముందు చూద్దాం. ప్రకటనల్లో కనబడేది లాగే సామర్థ్యం. ఎన్నో వేల పౌండ్లు, చూడగానే కడుపు నిండిపోతుంది. నిజంగా మనల్ని ఆపేది మాత్రం డ్రైవర్ తలుపు తీస్తే కనబడే స్టిక్కర్ మీది జీవీడబ్ల్యూఆర్, అంటే బండి, అందులోని మనుషులు, సామాను, హిచ్ (ట్రైలర్ తగిలించే కొక్కెం) మీద పడే బరువు అన్నీ కలిపి దాటకూడని హద్దు. నా బండికి అది 9,200 పౌండ్లు. బంపర్ దగ్గర తగిలించే ట్రైలర్ తన బరువులో 10 నుంచి 15 శాతం దాకా హిచ్ మీద మోపాలి. అంతకంటే తక్కువైతే హైవే మీద తోక ఊపడం మొదలుపెడుతుంది. పికప్ వెనక తొట్టిలో తగిలించే ఫిఫ్త్ వీల్ ట్రైలర్ అయితే ఇంకా ఎక్కువ, 15 నుంచి 25 శాతం.

నా లెక్క చెప్తాను. ట్రక్ స్టాప్‌లో క్యాట్ స్కేల్ (లారీలు తూచే కాటా) మీద, కుటుంబమంతా లోపల కూర్చుని, ట్యాంకు నిండా డీజిల్‌తో, వెనక జనరేటరు, వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ (బరువుని ఇరుసులన్నిటికీ పంచేది) పెట్టుకుని తూచితే ట్రక్ ఒక్కటే 7,620 పౌండ్లు వచ్చింది. ట్రైలర్ తగిలించి మళ్ళీ తూచితే ట్రక్ ఇరుసుల మీద 8,800, ట్రైలర్ ఇరుసుల మీద 7,640. అంటే హిచ్ మీద 1,180 పౌండ్లు పడుతోంది. ట్రైలర్ మొత్తం బరువు 8,820, అందులో 13 శాతం పైచిలుకు. లాగే హద్దుకి ఇంకా బోలెడు ఖాళీ ఉంది. స్టిక్కర్ హద్దుకి మిగిలింది 400 పౌండ్లే. ఇద్దరు పెద్దవాళ్ళు అదనంగా ఎక్కి, నాలుగు కట్టెల మోపులు వేసుకుంటే అదీ అయిపోతుంది. డీజిల్ ఇంజన్ పెట్రోలు ఇంజన్ కంటే కొన్ని వందల పౌండ్లు బరువు కాబట్టి, అదే మోడల్‌లో డీజిల్ బండి మోసేది తక్కువ. ఈ విషయం తెలియక ‘డీజిల్ కదా, ఏదైనా మోస్తుంది’ అనుకుని 2500 మీద పెద్ద ఫిఫ్త్ వీల్ ఎక్కించినవాళ్ళు రోడ్డు మీద కొల్లలుగా కనబడతారు, వెనక భాగం కుంగి, హెడ్‌లైట్లు ఆకాశంలోకి చూస్తూ. ఫిఫ్త్ వీల్ ఆలోచన ఉంటే మొదటే ఒక మెట్టు పైనుండే 3500 చూడండి. గాలి బ్యాగులు వేయిస్తే బండి సమంగా నిలబడుతుంది గానీ స్టిక్కర్ మీది అంకె మారదు.

ఇక దిగడం. మాది టెక్సాస్. వేసవిలో కొలరాడో వెళ్ళాలంటే ఐ-25 మీద రటోన్ పాస్, డెన్వర్ దాటాక ఐ-70 మీద ఐసెన్‌హవర్ టన్నెల్ తప్పవు. టన్నెల్ 11,000 అడుగుల పైనే ఉంటుంది. ఎక్కేటప్పుడు నాకు ఏ బాధా లేదు. టర్బో ఉంది కాబట్టి పల్చటి గాలిలో కూడా ఇంజన్ పెద్దగా నీరసపడదు. కూలెంట్ ముల్లు కొంచెం కదులుతుంది, ఫ్యాన్ క్లచ్ పట్టుకుని లారీలా హోరుమంటుంది, అంతే.

టన్నెల్ దాటి సిల్వర్‌థార్న్ వైపు దిగేటప్పుడు ఉంటుంది అసలు పరీక్ష. వాలు 7 శాతం దాకా ఉంటుంది, మైళ్ళ తరబడి. పెట్రోలు ఇంజన్‌లో కాలు తీయగానే థ్రాటిల్ మూసుకుని ఇంజనే కొంత పట్టి ఆపుతుంది. డీజిల్‌కి ఆ గుణం పుట్టుకతో తక్కువ. అందుకే ఎగ్జాస్ట్ బ్రేక్ కావాలి, అంటే పొగ బయటికి పోకుండా అడ్డుపడి ఇంజన్ చేతే బండిని పట్టి ఆపించేది. నా బండికి ఫ్యాక్టరీ ఎగ్జాస్ట్ బ్రేక్ లేదు. ఉన్నది అలిసన్ గేర్‌బాక్సు. గేర్ కర్ర కొసన, బరువు లాగేటప్పుడు వాడే టో/హాల్ బటన్ నొక్కి, వాలు మొదలయ్యేముందే వేగం తగ్గించి, ఒకసారి బ్రేక్ తాకితే అదే గేరు కిందికి మారి పట్టుకుంటుంది. మూడో గేర్లో ఇంజన్ గట్టిగా తిరుగుతూ చాలా వరకు ఆపుతుంది. అయినా మధ్యమధ్యలో బ్రేక్ వేయక తప్పదు. గట్టిగా ఒకసారి వేసి పూర్తిగా వదలాలి. అలా కాకుండా కాలు పెడల్ మీదే ఉంచితే కిందికి వచ్చేసరికి కాలిన వాసన వస్తుంది. కొండ దిగుతూ పక్క లేన్లలో ఆ వాసన ఎన్నిసార్లు వస్తుందో చెప్పలేను.

నాతోపాటు వచ్చే స్నేహితుడిది 6.7 కమిన్స్ ఇంజన్ ఉన్న ర్యామ్. ఆ ఇంజన్‌కి 2007 మధ్య నుంచీ టర్బోలోనే ఎగ్జాస్ట్ బ్రేక్ ఉంది. అదే వాలులో అతను బ్రేక్ పెడల్ ముట్టుకోకుండా దిగుతాడు. డ్యూరామాక్స్‌కి ఆ వసతి 2011లో వచ్చింది. ఎగ్జాస్ట్ బ్రేక్ విషయంలో నా బండి వెనకబడే ఉంది, దాన్ని దాచిపెట్టడం ఎందుకు? కొండ ప్రాంతాల్లో ఎక్కువ తిరిగేవాళ్ళు ఎగ్జాస్ట్ బ్రేక్ ఉన్న బండే చూసుకోండి, ఎల్‌బీజెడ్ అనే పేరుని పక్కన పెట్టి. ట్రైలర్ బ్రేకుల కంట్రోలర్ కూడా దీనిలో ఫ్యాక్టరీది రాదు. డ్యాష్ కింద వైరింగ్ సిద్ధంగా ఉంటుంది, విడిగా కొని తగిలించుకోవాలి. మనం బ్రేక్ వేసిన తీవ్రతని బట్టి ట్రైలర్‌ని ఆపే ప్రపోర్షనల్ రకమే తీసుకోండి. టైమర్ రకం చవక, కానీ దాని కుదుపుకి ట్రైలర్లో గిన్నెలన్నీ నేలమీదికొస్తాయి.

మరి ఎల్‌బీజెడ్‌కి అంత గిరాకీ ఎందుకంటే కారణం సంవత్సరంలో ఉంది. 2007 నుంచి కొత్త కాలుష్య నిబంధనలతో డీజిల్ పికప్పులకి పొగ వడపోసే డీపీఎఫ్ వచ్చింది, 2010 నిబంధనలతో చాలా బండ్లకి పొగలో కాలుష్యం తగ్గించడానికి పోసే డెఫ్ ద్రవం వచ్చింది. ఎల్‌బీజెడ్ ఆ గీతకి సరిగ్గా ఇవతల ఆగిపోయిన ఇంజన్. ఈజీఆర్ (పొగలో కొంత తిరిగి ఇంజన్‌లోకి పంపే ఏర్పాటు) ఉంది, డీపీఎఫ్ లేదు. పైగా అంతకుముందు డ్యూరామాక్స్‌లలో ఎల్‌బీ7కి ఉన్న ఇంజెక్టర్ల బాధ, ఎల్‌ఎల్‌వైకి బరువు లాగేటప్పుడు వేడెక్కే పేరు దీనికి లేవు. అందుకే జనం ఆ మూడక్షరాలకి ఎక్కువ డబ్బు పెడతారు. నా దృష్టిలో ఆ ప్రీమియం ఇప్పుడు హద్దు దాటింది. ఇరవై ఏళ్ళు నిండుతున్న బండికి ఇంజన్ పేరు చూసి ఎక్కువ పెడితే, ఆ తర్వాత స్టీరింగ్, బ్రేకు లైన్లు, హోసులు, వాటర్ పంపు అంటూ చేతి చమురు వదులుతూనే ఉంటుంది.

కొనేటప్పుడు నేను చూసినవాటిలో బాగా పనికొచ్చింది ఇంజన్ గంటలు. ఈ సిల్వరాడోలో తాళం ఆఫ్‌లో ఉండగా ట్రిప్ మీటర్ పుల్లని కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే మైళ్ళు కనబడే చోటే గంటలు వస్తాయి. మైళ్ళని గంటలతో భాగించండి. 1,50,000 మైళ్ళకి 4,500 గంటలంటే సగటు 33 మైళ్ళ వేగం, ఆరోగ్యమైన లెక్క. అవే మైళ్ళకి 9,000 గంటలుంటే ఆ బండి సగం జీవితం పని స్థలంలో ఆగి, ఇంజన్ తిరుగుతూ గడిపిందన్నమాట. ఓడోమీటర్ ఈ సంగతి చెప్పదు. అమ్మేవాళ్ళలో చాలామందికి ఆ పుల్ల సంగతే తెలియదు, నేను నొక్కి చూపిస్తే ఆశ్చర్యపోయారు.

బండిని చల్లగా ఉండగా చూపించమనండి. మీరు వచ్చేసరికే ఇంజన్ వెచ్చగా ఉంటే అనుమానించాల్సిందే. రాత్రంతా ఆగిన బండిలో రేడియేటర్ పై హోస్ చేత్తో నొక్కితే మెత్తగా ఉండాలి. రాయిలా ఉందంటే హెడ్ గ్యాస్కెట్ నుంచి ఒత్తిడి కూలెంట్లోకి పోతోందని అనుకోవచ్చు. స్కాన్ టూల్ పెట్టి ఇంజెక్టర్ల బ్యాలెన్స్ రేట్లు (ఒక్కో సిలిండర్‌కి ఇంధనాన్ని ఎంత సరిదిద్దుతోందో చెప్పే అంకెలు) చూపించమనండి. గేరు పార్క్‌లో ఉన్నప్పుడు సున్నాకి అటూ ఇటూ 4 దాటకూడదు. వెనక బెడ్‌లో గూస్‌నెక్ (బెడ్‌లో తగిలించే బరువైన ట్రైలర్) బంతి కోసం చేసిన రంధ్రం ఉంటే అది బరువులు లాగిన బండి. అది తప్పేమీ కాదు గానీ అప్పుడు గేర్‌బాక్సు ఆయిల్ రికార్డులు అడగాలి. మంచు కురిసే ఉత్తర రాష్ట్రాలు మిషిగన్, ఒహాయో వైపు బండైతే కిందికి దూరి ఫ్రేము, బ్రేకు లైన్లు చూడకుండా డబ్బు ఇవ్వకండి. ఉప్పు చల్లే రోడ్లు ఆ కాలం స్టీలు లైన్లని తినేస్తాయి. నా బండి దక్షిణాదిది. తుప్పు లేదు, కానీ పాత యజమాని ట్రైలర్ లైట్లకి కరెంటిచ్చే సెవెన్-పిన్ ప్లగ్ వైర్లని టేపు చుట్టి వదిలేశాడు. కుడివైపు సిగ్నల్ వేస్తే ట్రైలర్ బ్రేకు లైటు వెలిగేది. మొత్తం పీకి కొత్తది వేశాను.

నిర్వహణలో ఎక్కువ శ్రద్ధ అడిగేది ఫ్యూయల్ ఫిల్టర్. ఒకసారి దాన్ని ఒక షాపువాళ్ళ చేత మార్పిస్తే మరుసటి రోజు నుంచి పొద్దున్నే స్టార్ట్ చేయడం కష్టమైపోయింది. ఫిల్టర్ అడుగున నీటి సెన్సర్‌ని పాతదాని నుంచి తీసి కొత్తదానికి బిగించాలి. దాని రబ్బరు రింగు మడతపడి గాలి లోపలికి లాగుతోంది. ఈ బండికి ట్యాంకు దగ్గర ఫ్యాక్టరీ లిఫ్ట్ పంపు లేదు, ముందున్న పంపే ఇంధనాన్ని అంత దూరం పీల్చుకోవాలి. అందుకే పిసరంత గాలి దూరినా ఇంజన్ గోల పెడుతుంది. ఇప్పుడు నేనే చేసుకుంటాను. కుడి ముందు చక్రం లోపలి ప్లాస్టిక్ తీస్తే చెయ్యి పడుతుంది. రింగుకి కాస్త డీజిల్ రాసి, బిగించి, పైన ఉన్న గాలి స్క్రూ వదులు చేసి, ప్రైమర్ బటన్ గట్టిపడేదాకా నొక్కుతాను. బుడగలు ఆగి శుభ్రంగా డీజిల్ వచ్చాక స్క్రూ బిగించాలి. అది ప్లాస్టిక్ స్క్రూ, బలం చూపించకండి.

ఇంజన్ ఆయిల్ 10 క్వార్టులు. అలిసన్‌కి బయట తిప్పి తీసే ఫిల్టర్ ఉంది, దానితోపాటు ఒక చిన్న గుండ్రటి అయస్కాంతం వస్తుంది. దాన్ని పారేయకుండా తుడిచి మళ్ళీ పెట్టాలి. దాని మీద నల్లటి మెత్తటి పేస్టు ఉంటే మామూలే, వేలికి గుచ్చుకునే ముక్కలు కనబడితే ఖర్చు రాబోతోందని అర్థం. ఆయిల్ రంగు కంటే నేను ఈ అయస్కాంతాన్నే నమ్ముతాను. ముందు భాగంలో స్టీరింగ్ భాగాలైన పిట్‌మన్ ఆర్మ్, ఐడ్లర్ ఆర్మ్, టై రాడ్లు అరిగితే మార్చాను. బరువైన డీజిల్ ఇంజన్ ముందు మోస్తున్న పాత బండికి అవి వినియోగ సామాను కిందే లెక్క. మైలేజీ ఖాళీగా హైవే మీద గాలనుకి 17-18, ట్రైలర్‌తో 10-11. ఎదురుగాలి ఉంటే ఆ 10 కూడా దక్కదు. ట్యాంకు 26 గాలన్లే, చిన్న బెడ్ బండి కాబట్టి. ట్రైలర్‌తో పడమటి టెక్సాస్‌లో పంపు నుంచి పంపుకి లెక్క చూసుకునే వెళ్ళాలి.

వేరే ఇంజన్ల గురించి ఒక్కో మాట. ఫోర్డ్ 6.0 చవకగా దొరుకుతుంది, ఆయిల్ కూలర్, ఈజీఆర్ కూలర్, హెడ్ బోల్టుల పని బిల్లులతో సహా చూపిస్తేనే వెళ్ళండి. ఫోర్డ్‌దే 6.4 జోలికి పోవద్దు. 5.9 కమిన్స్ మొండి ఇంజన్, 1998 మధ్య నుంచి 2002 దాకా వచ్చినవాటిలో మాత్రం బ్లాకు మీద 53 అని పోత ఉందేమో చూడండి, ఆ బ్లాకులు పగలడం పేరుపడ్డ సమస్య. 2011-16 డ్యూరామాక్స్‌లోని సీపీ4 పంపు పాడైతే ఇనుప రజను ఇంధన వ్యవస్థ మొత్తం పాకుతుంది, పంపుతోపాటు ఇంజెక్టర్ల దాకా మార్చాల్సి వస్తుంది. 2017 నుంచి వచ్చిన ఎల్‌5పీలో ఆ పంపు లేదు. డీపీఎఫ్ పీకేసిన ‘డిలీట్’ బండి చవకగా ఇస్తామంటే తిరిగి చూడకండి. క్లీన్ ఎయిర్ యాక్ట్ కింద అది చట్టవిరుద్ధం, కాలిఫోర్నియాలో 1998 నుంచి వచ్చిన డీజిల్ పికప్పులకి స్మాగ్ (పొగ) పరీక్ష ఉంది, ఇలాంటివి అందులో ఆగిపోతాయి.

ఏడాదికి రెండుసార్లు, ఆరేడు వేల పౌండ్ల ట్రైలర్, అదీ చదును నేల మీద లాగేవాళ్ళకి డీజిలే అవసరం లేదు, మంచి పెట్రోలు 2500 చాలు. పైగా మోసే బరువు ఎక్కువ మిగులుతుంది. నాలాగా కొండలు ఎక్కి దిగేవాళ్ళు ఇవాళ కొనాలంటే మాత్రం నా ఓటు 2017 లేదా ఆ తర్వాతి డ్యూరామాక్స్‌కి, లేదా 2013 తర్వాత ఐసిన్ గేర్‌బాక్సుతో వచ్చిన ర్యామ్ 3500కి. నాది అమ్మే ఉద్దేశం లేదు. ఎగ్జాస్ట్ పైపులో బిగించే విడి బ్రేకు ఒకటి చూసి పెట్టుకున్నాను, వచ్చే కొలరాడో ప్రయాణానికి ముందే వేయిస్తాను.