రెండో సెట్టు చక్రాలకు ప్రోగ్రామబుల్ ప్రెషర్ సెన్సర్లు: వాడి చూశాక

కారుకు రెండు సెట్ల చక్రాలు పెట్టుకుని కాలాన్ని బట్టి మార్చుకునేవారిని అన్నిటికంటే ఎక్కువ విసిగించేది డ్యాష్‌బోర్డ్‌లో వెలిగే, టైరు గాలి తగ్గిందని హెచ్చరించే ఆ పసుపు దీపం. చక్రం లోపల ఉండి గాలి పీడనం కొలిచే ప్రతి సెన్సర్‌కూ సొంత గుర్తింపు సంఖ్య ఉంటుంది; కారు తన జ్ఞాపకంలో ఉన్న నాలుగు సంఖ్యల మాటే వింటుంది. కొత్త చక్రాలు బిగించి బయలుదేరిన కాసేపటికి దీపం నిమిషం పైచిలుకు మిణుకుమిణుకుమని, ఆ తర్వాత ఆరకుండా నిలిచిపోతే, గాలి తగ్గిందని కాదు, సెన్సర్ల జాడ దొరకడం లేదని అర్థం. ఈ బెడద తీర్చుకోవడానికి ఖాళీ సెన్సర్లు నాలుగూ, వాటిలో సమాచారం రాసే చేతి ప్రోగ్రామర్ ఒకటీ కొని వాడాను. ష్రేడర్, ఆటెల్, హమాటన్ వంటి అనేక కంపెనీలు ఈ తరహా సెన్సర్లను తయారు చేస్తున్నాయి; పనితీరులో మూలసూత్రం ఒకటే కనుక ఇక్కడ చెప్పేది చాలావరకు అన్నిటికీ వర్తిస్తుంది.

కొనే ముందు మీ కారులో ఏ పద్ధతి ఉందో తేల్చుకోవాలి. కొన్ని కార్లలో చక్రాల లోపల సెన్సర్లే ఉండవు. గాలి తగ్గిన టైరు వ్యాసం కొద్దిగా తగ్గి కాస్త వేగంగా తిరుగుతుందన్న లెక్కతో ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే వ్యవస్థ) సెన్సర్లే ఆ సంగతి పసిగడతాయి. అలాంటి కారుకు ఈ ఖర్చు శుద్ధ దండగ, చక్రాలు మార్చి గాలి సరిచూసి రీసెట్ చేస్తే సరిపోతుంది. వాల్వ్ లోహంతో ఉందా రబ్బరుతో ఉందా అని చూసి నిర్ణయించుకోవద్దు, ఎందుకంటే సెన్సర్లు రెండు రకాల వాల్వ్‌లతోనూ వస్తాయి. కారు మాన్యువల్ చూడడమే నమ్మకమైన మార్గం.

నేను కొన్న సెన్సర్లు 315, 433 మెగాహెర్ట్జ్ రెండింటిలోనూ పనిచేస్తాయి. ఉత్తర అమెరికా కార్లలో ఎక్కువగా మొదటిది, ఐరోపా కార్లలో రెండోది వాడతారు కాబట్టి, ఒకే పౌనఃపున్యానికి పరిమితమైన పాత రకం కంటే ఇది మేలు. ప్రోగ్రామర్‌ను పాత చక్రం వాల్వ్ దగ్గర టైరు పక్కగోడకు ఆనించి బటన్ నొక్కితే, అది పంపే 125 కిలోహెర్ట్జ్ సంకేతానికి లోపలి సెన్సర్ మేల్కొని తన సంఖ్య, గాలి పీడనం, ఉష్ణోగ్రత, బ్యాటరీ స్థితి చెప్పేస్తుంది. తర్వాత కొత్త సెన్సర్‌ను పరికరం తల దగ్గర పెట్టి కాపీ ఆదేశం ఇవ్వాలి. రాయడం ముగిశాక మళ్లీ చదివిస్తే, పాతదాని ఎనిమిది అక్షరాంకెల సంఖ్యే తెరపై అక్షరం పొల్లుపోకుండా కనబడింది.

ఈ పరికరంతో అసలైన లాభం ఈ కాపీ చేయడంలోనే ఉంది. కొత్త సంఖ్యలు సృష్టించుకుంటే, చక్రాలు మార్చిన ప్రతిసారీ వాటిని కారుకు నేర్పించాలి. కొన్ని కార్లు కాసేపు నడిపితే తామే నేర్చుకుంటాయి గానీ, కొన్నిటికి ఓబీడీ పోర్ట్ (కారు కంప్యూటర్‌కు పరికరాలు తగిలించే సాకెట్) ద్వారా రాయక తప్పదు. కాపీ చేసిన సెన్సర్లతో కారుకు మార్పు జరిగిన సంగతే తెలియదు. అయితే ముందు ఎడమ చక్రం సంఖ్య ముందు ఎడమ చక్రానికే వెళ్లాలి, లేకుంటే చక్రాల వారీగా పీడనం చూపే కార్లలో తెర ఒక టైరు పేరు చెప్పి మరో టైరు గాలి చూపిస్తుంది. రిమ్ము లోపలి వైపు సుద్దముక్కతో స్థానం రాసిపెట్టుకోవడం ఉత్తమం. పాత సెన్సర్లు నాలుగూ పలుకుతున్నప్పుడే సంఖ్యలు చదివి ఎక్కడైనా భద్రపరచుకోండి. ఒకటి చచ్చిపోయాక ఆ సంఖ్య కావాలంటే చాలాసార్లు టైరు విప్పి సెన్సర్ ఒంటిమీద ముద్రించినది చూడాల్సి వస్తుంది.

సెన్సర్ ఎలక్ట్రానిక్స్‌లో నాకు లోపం కనబడలేదు. వాల్వ్ సామాగ్రి విషయంలో మాత్రం అంత సంతృప్తి లేదు. లోహపు వాల్వ్ నట్టును ఎంత బిగించాలో ఆ సెట్టుతో ఇచ్చిన కాగితంలో ఎక్కడా లేదు. దానికి కావలసింది కొద్ది న్యూటన్ మీటర్లే, మామూలు పానాతో బలం చూపిస్తే రబ్బరు సీలు నలిగి గాలి మెల్లగా దిగుతుంది. అల్యూమినియం వాల్వ్‌లో నికెల్ పూత ఉన్న కోర్ (గాలిని ఆపే లోపలి చిన్న భాగం) మాత్రమే ఉండాలి. షాపులో ఇత్తడి కోర్ తోసేస్తే కొన్నాళ్లకు తుప్పుతో అతుక్కుపోయి, తీయబోతే వాల్వ్ కాండమే విరుగుతుంది. టైరు రిమ్ముకు ఎక్కించేటప్పుడు మెషీన్ పట్టు వాల్వ్‌కు దూరంగా ఉండేలా ముందే చెప్పి, దగ్గర నిలబడి చూడడం మంచిది.

బ్యాటరీ సెన్సర్ లోపలే రెసిన్‌తో మూసి ఉంటుంది, మార్చడం కుదరదు. సాధారణంగా 5 నుంచి 10 ఏళ్లు నడుస్తుంది. కాబట్టి ధర తక్కువని వాడేసిన సెన్సర్లు కొనడం నా దృష్టిలో తెలివైన పని కాదు.

ఇవి ఏం చేయలేవో కూడా చెప్పాలి. హెచ్చరిక ఏ పీడనం దగ్గర వెలగాలన్నది కారు కంప్యూటర్ నిర్ణయిస్తుంది, సెన్సర్ కాదు. రెండో సెట్టు టైర్లకు వేరే పీడనం అవసరమైనా హద్దు పాతదే ఉంటుంది. అమెరికా నిబంధన ప్రకారం సిఫారసు చేసిన పీడనం 25 శాతం తగ్గేసరికి దీపం వెలగాలి, అంటే 32 పీఎస్ఐ ఉండాల్సిన టైరు 24కు వచ్చేదాకా కారు నోరు మెదపకపోవచ్చు. ఉష్ణోగ్రత ఐదారు డిగ్రీలు పడితే సుమారు ఒక పీఎస్ఐ తగ్గుతుంది కనుక చలి ఉదయాల్లో గేజ్‌తో చూసుకోవాల్సిందే.

కొన్ని టయోటా, లెక్సస్ మోడళ్లు రెండు సెట్ల సంఖ్యలను గుర్తుపెట్టుకుంటాయి; అలాంటి కారున్నవారికి కాపీ అవసరం లేదు. ఇంట్లో ఒక్క కారే ఉంటే ప్రోగ్రామర్ కొనకండి, పాత సంఖ్యలు ఇచ్చి షాపులోనే సెన్సర్లు రాయించుకుంటే పని అయిపోతుంది. రెండు మూడు కార్లకు ఏటా చక్రాలు మార్చేవారికి మాత్రం ఈ పరికరం పెట్టిన డబ్బుకు న్యాయం చేస్తుంది.